కాఫీ, తేనీరు, దేహభారం



కాఫీ గాని, టీ గాని తాగినంత మాత్రాన ఒంట్లోని కొవ్వు కరుగుతుందా, బరువు తగ్గుతుందా అన్నది ఈనాటి ప్రసంగ విషయం. ఉదయం లేవగానే పరగడుపున నల్ల కాఫీలో నిమ్మకాయ పిండుకొని తాగేవారు కొందరు, అదే కాఫీలో నెయ్యి కలుపుకొని తాగేవారు మరికొందరు, భోజనం కాగానే గ్రీన్ టీ పొట్లాన్ని వేడినీళ్ళలో ముంచి తాగి, తిన్నదంతా ఇక కరిగిపోయినట్టేనని నిశ్చింతగా ఉండేవారు ఇంకా కొందరు - ఇట్టివారు నేడు మన ఇళ్ళలోనూ, మన బంధువర్గంలోనూ తరచుగా కానవస్తున్నారు. వారి ఆశ బొత్తిగా నిరాధారమైనది కాదు. దానికి శాస్త్రంలో ఒక ఆధారం ఉంది. అయితే ఆ ఆధారం ఎంతటిదో, దానిమీద కట్టుకొన్న ఆశ ఎంతటిదో కొలిచి చూడడం మన విధి. ఆ కొలత ఇప్పుడు మనం కలిసి వేద్దాం.

ఈ పానీయాలు మనకు పరాయివి కావు. అరకు కొండలమీద గిరిజన రైతులు చెట్ల నీడన, మిరియపు తీగల నడుమ పండిస్తున్న అరాబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. హైదరాబాదు ఇరానీ చాయ్ పేరు తెలియని తెలుగువారు అరుదు. కోస్తా జిల్లాలలో తెల్లవారుజామున డికాక్షన్ దిగనిదే పొద్దు పొడవని ఇళ్ళు ఎన్నో. కనుక ఈ ప్రశ్న మన నిత్యజీవితానికి సంబంధించినదే.

ఈ పానీయాలన్నింటిలోనూ ఉత్తేజాన్ని కలిగించే పదార్థం కెఫీన్. జర్మన్ మహాకవి గోథే తన చేతికిచ్చిన కాఫీ గింజలను పరిశోధించి, రుంగే అనే యువ రసాయన శాస్త్రజ్ఞుడు 1819లో దీనిని తొలిసారిగా వేరుచేశాడు. మనం మేలుకొని పనిచేస్తున్నకొద్దీ మెదడులో అడెనోసిన్ అనే పదార్థం పేరుకొంటుంది. అది తనకు నియతమైన స్థానాలలో చేరినప్పుడు మనకు బడలిక, నిద్రమత్తు కలుగుతాయి. కెఫీన్ ముందుగా పోయి ఆ స్థానాలను ఆక్రమిస్తుంది. అందువలన బడలిక తెలియదు. అంతేకాదు, అడ్రినలిన్ స్రావం కొంత హెచ్చుతుంది. నిలువ ఉన్న కొవ్వులోనుంచి కొవ్వు ఆమ్లాలు కొన్ని రక్తంలోకి విడుదలవుతాయి. దేహం వెచ్చించే శక్తి కూడా కొంచెం పెరుగుతుంది.

కొవ్వు విడుదలవుతుందన్న మాట వినగానే మన మనస్సు ఉప్పొంగుతుంది. కాని శ్రోతలారా, విడుదలైన కొవ్వు వేరు, ఖర్చయిన కొవ్వు వేరు. రక్తంలోకి వచ్చిన కొవ్వును కండరాలు వాడుకోకపోతే, అది మళ్ళీ తన పూర్వస్థానానికే చేరుకొంటుంది. కాఫీ తాగి కుర్చీలోనే కూర్చున్నవారికి జరిగేది చాలావరకు ఇదే.

ఇక పెరిగే ఖర్చు ఎంత? ఇదే నేటి మన ప్రసంగానికి ప్రధానాంశం.

మన దేహాన్ని ఒక సంసారంగా భావించండి. దానికీ జమాఖర్చులున్నాయి. తిన్నదీ తాగినదీ జమ. బతకడానికీ కదలడానికీ అయినది ఖర్చు. జమ మిగిలితే అది కొవ్వుగా నిలువ అవుతుంది. ఖర్చు మించితే నిలువ తరుగుతుంది. ఊపిరి తీయడానికీ, గుండె ఆడడానికీ, ఒళ్ళు వెచ్చగా ఉండడానికీ, మనం నిద్రలో ఉన్నా మెలకువగా ఉన్నా క్షణమైనా ఆగకుండా జరిగే వ్యయమే విశ్రాంత జీవక్రియ. అరవై కిలోల మనిషికి ఇది రోజుకు సుమారు 1400 క్యాలరీలు. అనగా నిమిషానికి దాదాపు ఒక క్యాలరీ. ఈ ఒక్క సంఖ్యను గుర్తుంచుకోండి. నిమిషానికి ఒక క్యాలరీ.

ఇప్పుడు ఒక కప్పు కాఫీ తాగామనుకొందాం. డల్లూ అనే శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు 1989లో ప్రకటించిన పరిశోధనను ఈ విషయంలో తరచుగా ఉదాహరిస్తారు. 100 మిల్లీగ్రాముల కెఫీన్, అనగా చిక్కని ఫిల్టర్ కాఫీ ఒక కప్పులో ఉండేటంత, ఒక్కసారి పుచ్చుకొంటే, విశ్రాంత జీవక్రియ 3 నుంచి 4 శాతం పెరిగింది. వారు కొలిచిన రెండున్నర గంటల కాలానికి వచ్చిన లెక్క ఇది. రెండున్నర గంటలంటే 150 నిమిషాలు. నిమిషానికి ఒకటి చొప్పున 150 క్యాలరీలు. అందులో 4 శాతం ఎంత? 6. అవును, 6 క్యాలరీలు.

ఇక అదే కప్పులో మనం వేసుకొనే పంచదార సంగతి చూద్దాం. చిన్న చెంచా నిండుగా తీస్తే 5 గ్రాములు. పంచదార గ్రాముకు 4 క్యాలరీలు. కనుక చెంచాకు 20. కెఫీన్ చేయించిన అదనపు ఖర్చు 6. ఒక చెంచా పంచదార తెచ్చిన జమ 20. అరచెంచా పంచదారకు కూడా ఆ ఖర్చు సరిపోదు.

మరొకసారి చెబుతున్నాను. కెఫీన్ వలన ఖర్చు 6. చెంచా పంచదార వలన జమ 20.

సాయంకాలం నాలుగు గంటల వేళ మన వంటింట్లో జరిగేది ఒకసారి గమనించండి. గిన్నెలో గేదెపాలు పొంగుతున్నాయి. టీపొడి వేసి, యాలక్కాయ ఒకటి చిదిమి వేసి, రంగు దిగేదాకా మరిగించి, గ్లాసులోకి వడపోసి, రెండు చెంచాల పంచదార వేసి, ఎత్తుమీదనుంచి తిరగబోస్తే పైన నురుగు కడుతుంది. ఆ గ్లాసులో పాలు 100 మిల్లీలీటర్లే అనుకొన్నా, చిక్కని గేదెపాలకు 100 క్యాలరీలకు తక్కువ ఉండవు. పంచదారకు 40. అంతా కలిపి 140. ఆ టీలో ఉన్న కెఫీన్ మహా అయితే 65 మిల్లీగ్రాములు. అది చేయించే ఖర్చు కాఫీ చేయించేదానికన్నా తక్కువే. పాలలో మాంసకృత్తులున్నాయి, సున్నమున్నది. పాలు ఆహారమే. కాని ఆహారాన్ని ఆహారంగా లెక్కలో వేసుకోవాలి గాని, కొవ్వు కరిగించే మందుగా భావించరాదు.

ఇదే లెక్కను నెలకు చూద్దాం. రోజుకు మూడు కప్పులు, కప్పుకు రెండు చెంచాలు. అనగా రోజుకు 30 గ్రాముల పంచదార. నెలకు 900 గ్రాములు. ఇంట్లో నెల సరుకుల చీటీ రాసుకొనేటప్పుడు ఒక్క మనిషి కాఫీ, టీలకే కిలోకు దగ్గరగా పంచదార పోతున్నదన్నమాట. ఆ పంచదార తెచ్చే జమ నెలకు 3600 క్యాలరీలు. ఆ మూడు కప్పుల కెఫీన్ చేయించే ఖర్చు, రోజుకు 18 చొప్పున, నెలకు 540. కిలో కొవ్వు తరగాలంటే సుమారు 7700 క్యాలరీల ఖర్చు అవసరం. పాలూ పంచదారా మానివేసి, ఉత్త డికాక్షనే రోజుకు మూడుసార్లు తాగినవారికైనా, ఈ లెక్కన ఒక్క కిలో తగ్గడానికి ఏడాదికి పైగా పడుతుంది.

ఆ ఏడాదైనా లెక్క లెక్కలాగే సాగదు. కారణమేమంటే దేహం అలవాటు పడుతుంది. తొలిరోజున గుండెను దడదడలాడించిన కాఫీ, నెల తిరిగేసరికి నిద్రమబ్బు వదిలించడానికే చాలీచాలక పోతుంది. కెఫీన్ ప్రభావాలు అనేకం నిత్యసేవన వలన మందగిస్తాయి. అందుకే రోజూ తాగేవారు ఒక్కపూట మానితే తలనొప్పితో బాధపడతారు గాని, తాగుతూ ఉన్నందుకు నానాటికీ సన్నబడుతూ పోవడం మనం చూడము.

అయితే 150 క్యాలరీలు ఖర్చవుతాయని కొందరు చెబుతారే, ఆ మాట ఎక్కడనుంచి వచ్చింది? అదీ ఆ 1989 నాటి పరిశోధనలోనిదే. అందులో రెండు గంటలకొకసారి 100 మిల్లీగ్రాముల చొప్పున, పగటి పన్నెండు గంటలలో ఆరు మోతాదులు ఇచ్చి చూశారు. అనగా మొత్తం 600 మిల్లీగ్రాములు. అప్పుడు బక్కపలచని వారిలో రోజుకు 150 క్యాలరీల ఖర్చు పెరిగింది. ఒకప్పుడు స్థూలకాయులై ఉండి, తరువాత తగ్గినవారిలో పెరిగినది 79 మాత్రమే. ఎవరికి ఈ మేలు ఎక్కువగా కావాలో, వారికే అది సగం దక్కింది. 600 మిల్లీగ్రాములన్నది క్షేమకరమైన మోతాదు కాదన్న సంగతి కూడా మరువరాదు. ఆరోగ్యవంతులైన పెద్దలకు రోజుకు 400 మిల్లీగ్రాముల వరకు హాని లేదని ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2015లో చెప్పింది. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ఇంకా జాగరూకతతో, 300 మిల్లీగ్రాములు దాటవద్దంటున్నది.

ఆ సంస్థ 2024లో వెలువరించిన మార్గదర్శకాలలో కప్పుల లెక్క కూడా ఉంది. 150 మిల్లీలీటర్ల కప్పు డికాక్షన్ కాఫీలో 80 నుంచి 120 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. ఇన్‌స్టంట్ కాఫీలో 50 నుంచి 65. టీలో 30 నుంచి 65. స్థూలంగా మూడు కప్పుల డికాక్షన్ కాఫీతోనే మన హద్దు వచ్చేసిందన్నమాట.

మీలో కొందరికి ఒక సందేహం కలగవచ్చు. కాఫీ తాగేవారు లావెక్కరని వార్తలలో చదివామే, అది అబద్ధమా? అబద్ధం కాదు. అమెరికాలో వేలాది నర్సులనూ, ఇతర వైద్య వృత్తుల వారినీ ఏళ్ళ తరబడి పరిశీలించి 2023లో ప్రకటించిన ఒక అధ్యయనం ప్రకారం, పంచదార లేని కాఫీని రోజుకు ఒక కప్పు చొప్పున ఎక్కువ తాగినవారిలో నాలుగేళ్ళకు బరువు పెరుగుదల 0.12 కిలో మేర తక్కువగా ఉంది. 0.12 కిలో అంటే 120 గ్రాములు. అదీ నాలుగేళ్ళకు. అంతకన్నా విశేషం మరొకటి ఉంది. కెఫీన్ తీసివేసిన కాఫీ తాగినవారిలోనూ ఆ తేడా అట్లాగే కనిపించింది. కెఫీన్ లేకున్నా వచ్చిన ఫలితాన్ని కెఫీన్ మహిమగా చెప్పడం ఎట్లా? అదే అధ్యయనంలో ఒక చెంచా పంచదార చేరితే బరువు 0.09 కిలో మేర పెరుగుదలతో కూడి ఉంది. చెంచా చేరేసరికి కప్పు మేలు చాలావరకు తుడిచిపెట్టుకుపోయింది.

సింగపూరులో చైనా, మలయ, భారతీయ సంతతుల వారిపై జరిగిన మరొక పరీక్ష ఫలితాలు 2020లో వెలువడ్డాయి. 126 మందిలో కొందరికి 24 వారాలపాటు రోజుకు నాలుగు కప్పుల కాఫీ, తక్కినవారికి కాఫీని పోలిన వేరొక పానీయం ఇచ్చి చూశారు. కాఫీ తాగినవారిలో కొవ్వు స్వల్పంగా, నాలుగు శాతానికి లోపుగా తగ్గింది. ఇన్సులిన్ పనితీరులో మాత్రం చెప్పుకోదగిన మార్పు రాలేదు. కనుక కెఫీన్ గల కాఫీకి బొత్తిగా ప్రభావం లేదని నేను అనడం లేదు. ఉన్నది. కొంచెంగా ఉన్నది. ఆ కొంచెం, పంచదార చెంచాకూ, పక్కనున్న బజ్జీల పళ్ళేనికీ ఎదురు నిలువలేదు.

ఇక గ్రీన్ టీ మాట. స్థూలకాయులైన పెద్దలలో గ్రీన్ టీ ప్రయోగాలన్నింటినీ కూడగట్టి కోక్రేన్ సంస్థ 2012లో సమీక్షించింది. బరువు తగ్గుదల అతిస్వల్పమనీ, వైద్యదృష్టితో చూస్తే లెక్కకు రానిదనీ తేల్చింది. గ్రీన్ టీ మంచి పానీయమే. ఇష్టమైతే తాగండి. కాని దాని సారాన్ని గాఢంగా పిండి, మాత్రలుగా చేసి అమ్మే మందుల విషయంలో మాత్రం భద్రం. ఆ మాత్రలలోని క్యాటెచిన్లు రోజుకు 800 మిల్లీగ్రాములకు చేరితే కాలేయానికి హాని కలిగే సూచనలున్నాయని ఐరోపా సంస్థ 2018లో హెచ్చరించింది. కెఫీన్‌తో జోడించి బరువు తగ్గించే మందుగా అమ్మిన ఎఫిడ్రా అనే మూలికను, గుండెకు ప్రమాదకరమని అమెరికా ప్రభుత్వం 2004లో నిషేధించింది. బరువు తగ్గడానికి వేసుకొన్న మాత్ర ప్రాణం మీదికి తెచ్చిన సందర్భాలున్నాయి. కనుక వైద్యుని అడగనిదే అట్టి మాత్రలు ముట్టవద్దు.

నెయ్యి కాఫీ సంగతి చెప్పనే అక్కరలేదు. పెద్ద చెంచాడు నేతిలో సుమారు 120 క్యాలరీలు ఉంటాయి. నిమ్మరసంలో విటమిన్ సి ఉంది గాని, కొవ్వును కరిగించే గుణం లేదు. సీసాలలో వచ్చే కోలా 300 మిల్లీలీటర్లలో పంచదార 30 గ్రాములకు మించి ఉంటుంది. అనగా ఆరు చెంచాలు. ఉత్తేజ పానీయాల డబ్బాల సంగతీ ఇంచుమించు ఇంతే. అవి పిల్లలకు, గర్భవతులకు, పాలిచ్చే తల్లులకు తగవని ఆ డబ్బాల మీదనే రాసి ఉండాలన్నది మన దేశపు నియమం. పరీక్షల వేళ పిల్లలు ఆ డబ్బాలు కొంటుంటే, ఆ అక్షరాలను వారిచేత చదివించండి.

జమాఖర్చులో సులభంగా కంటికి కనబడని పద్దు ఒకటి ఉంది. అదే నిద్ర. ఒంట్లో చేరిన కెఫీన్‌లో సగం తరగడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. సాయంకాలం ఆరింటికి తాగిన కాఫీలో 100 మిల్లీగ్రాములుంటే, రాత్రి పదకొండింటికి ఇంకా 50 మిగిలి ఉంటాయి. అంటే పడుకోబోయే ముందు ఒక కప్పు టీ తాగినంత. దానివలన నిద్ర తరుగుతుంది. నిద్ర తరిగితే ఆకలి పెరుగుతుంది. 2004లో షికాగో పరిశోధకులు పన్నెండుమంది ఆరోగ్యవంతులైన యువకులకు రెండు రాత్రులు నాలుగేసి గంటలే నిద్ర పోనిచ్చి చూడగా, పదేసి గంటలు పడుకొన్నప్పటికంటే, ఆకలిని పుట్టించే ఘ్రెలిన్ 28 శాతం హెచ్చింది, తృప్తిని తెలిపే లెప్టిన్ 18 శాతం తగ్గింది. పగలు 6 క్యాలరీలు ఖర్చుచేయించిన కప్పే, రాత్రి నిద్ర చెడగొట్టి, మరునాడు మరొక రెండు ఇడ్లీలు తినిపించిందంటే, మన ఆదాయ వ్యయాలు ఏమైనట్లు?

ఆడపడుచులకు ప్రత్యేకంగా ఒక విన్నపం. మన దేశంలో పదిహేను నుంచి నలభైతొమ్మిదేళ్ళ లోపు స్త్రీలలో 57 శాతం మంది రక్తహీనతతో ఉన్నారని ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతున్నది. కాఫీ, టీలలోని టానిన్లు ఆహారంలోని ఇనుమును ఒంటికి సరిగా పట్టనీయవు. కనుక బరువు తగ్గుతామని భోజనం వెంటనే టీ తాగితే, బరువు తగ్గకపోగా రక్తం తగ్గే ప్రమాదముంది. భోజనానికి గంట ముందు, గంట తరువాత ఈ పానీయాలు వద్దని పోషకాహార సంస్థ సలహా. గర్భవతులకు రోజుకు 200 మిల్లీగ్రాములే హద్దు. రక్తపోటు, గుండెదడ, కడుపులో మంట ఉన్నవారు వైద్యుని సలహా తీసుకోవాలి.

మరి కాఫీ వలన బరువు తగ్గాలనుకొనేవారికి ఏ ప్రయోజనమూ లేదా? ఉన్నది. అది కాళ్ళకు పనిచెప్పేవారికి ఉన్నది. వ్యాయామానికి ముందు పుచ్చుకొన్న కెఫీన్ శ్రమను తేలికగా తోపింపజేస్తుంది. ఉదయం చక్కెర లేని కాఫీ ఒక కప్పు తాగి, అరగంటసేపు చురుకుగా నడిచారనుకోండి. అరవై కిలోల మనిషికి ఆ అరగంటలో సుమారు 120 క్యాలరీలు ఖర్చవుతాయి. కాఫీ తానుగా ఖర్చు చేయించేది 6. నడక చేయించేది 120. ఇందాక రక్తంలోకి విడుదలైన కొవ్వును గురించి చెప్పుకొన్నాం గదా, దానిని వాడుకొనే కండరాలు అప్పుడు మేలుకొని ఉంటాయి.

కావున మీరు చేయవలసిన పని ఒక్కటే. కాఫీ, టీలు మానమని నేను చెప్పను. కప్పులో చెంచా తగ్గించండి. రెండు చెంచాలు వేసుకొనేవారు ఈ వారం ఒకటిన్నర వేసుకోండి. పై వారం ఒకటి. ఆపైన అర. నాలుక కొద్ది వారాలలో సర్దుకొంటుంది. ఇంట్లో అందరికీ కలిపి గిన్నెలోనే పంచదార వేసే అలవాటుంటే, అది మాని, ఎవరి కప్పులో వారు చెంచాతో కొలిచి వేసుకోండి. కొలిచినప్పుడే అది మన లెక్కలోకి వస్తుంది. కప్పుకు రెండు చెంచాల చొప్పున మూడు కప్పులు తాగేవారు, ఒక్కొక్క చెంచా తగ్గిస్తే రోజుకు 60 క్యాలరీలు ఆదా. ఆ మూడు కప్పుల కెఫీన్ ఇచ్చే 18కి అది మూడింతలకు పైన. మధుమేహం ఉన్నవారు మాత్రం తమ మందుల మోతాదు చూసుకొని, వైద్యునికి చెప్పి ఈ మార్పు చేయాలి.

శ్రోతలారా, తిరిగి ఒక్కసారి చెప్పి విరమిస్తాను. కెఫీన్ జీవక్రియను పెంచుతుందన్నది నిజం. తాగిన రెండున్నర గంటలలో కప్పుకు సుమారు 6 క్యాలరీలు పెంచుతుందన్నది కూడా నిజం. ఒక్క చెంచా పంచదార 20 క్యాలరీలు కలుపుతుందన్నది అంతకన్నా పెద్ద నిజం. కాఫీని రుచికోసం, స్నేహంకోసం, ఉదయపు ఉత్సాహంకోసం తాగండి. రోజుకు మూడు కప్పులు దాటవద్దు. చీకటి పడ్డాక వద్దు. భోజనం వెంటనే వద్దు. బరువు తగ్గే పని మాత్రం మీ చెంచాకూ, మీ కాళ్ళకూ అప్పగించండి. రేపు ఉదయం మొదటి కప్పుతోనే అరచెంచా తగ్గించి చూడండి.